కనుము లేని చీర

పుట్టింటివాళ్లు ఆడపిల్లకు ఒడిబియ్యం పోసేటప్పుడు చీర పెడితే, దాంతో పాటు కనుము ఉండి తీరాలి. రవికె గుడ్డను మా దిక్కు అలాగే అంటాం. ఉత్త చీర పెట్టినవాళ్లను చుట్టాలు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

కోరుట్లలో మా ఆడబిడ్డ కొత్త ఇల్లు కట్టుకుంది. మా అత్తకు మోకాళ్ల నొప్పి కాబట్టి తంగళ్ళపల్లి నుంచి ఒడిబియ్యం తీసుకుని నేనే వెళ్లాను. చీర సిరిసిల్లలో కొన్నాను. అదే కంపెనీ చీర, అదే ధరకు, నిరుడు నేనూ కొనుక్కున్నాను. అప్పుడు చివరన కనుము కలిపే నేసి ఇచ్చారు. కవరు మీద నవ్వే పిల్ల కూడా అదే పిల్ల. మడత పోతుందని ఈసారి విప్పి చూడలేదు.

ఆడవాళ్లందరి మధ్య ఆడబిడ్డ అత్తగారు చీర విప్పింది. ఈ కొసకు కనుము లేదు, ఆ కొసకూ లేదు. దుప్పటిలా దులిపింది.

“కనుమేది బిడ్డా?”

“కొసకు ఉంటది, సూడు పెద్దమ్మా.”

“కొసలు రెండే ఉంటయి. రెండూ సూసిన. ఎవలన్న కత్తెర వెట్టిండ్రా ఏంది?”

వెనక నుంచి ఒకామె అందుకుంది. “మంచి రంగు గదక్కా, మనసైందేమో!”

అందరూ నవ్వారు. ఆడబిడ్డ నా వైపు చూసి గబుక్కున తల దించుకుంది. ఆమె బాలింతగా ఉన్నప్పుడు నీళ్లు పోసిన చెయ్యి నాది. ఆ చేతిలో ఆమెకు కత్తెర కనబడింది. కంపెనీవాడు ఎక్కడో హాయిగా కూర్చున్నాడు, కోరుట్లలో దొంగను నేనయ్యాను.

దుకాణానికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను.

“కంపెనీవోళ్లే కనుము బంద్ వెట్టిండ్రమ్మా,” అన్నాడు దుకాణాయన. “అయినా ధర పెంచలే గద, గది సూడుండ్రి!”

ఎంత దయ! రేపు కొంగు కూడా తీసేసి, ధర పెంచలేదని మనచేత దండం పెట్టించుకుంటారు.

పెద్దమ్మ నమ్మలేదు. “నీ దుకాణపాయన నీ దిక్కే మాట్లాడుతడు. మేమైతే జగిత్యాలకు పోయి తెచ్చినం. మాది గిట్లుండది.”

ఇంట్లో ఉన్న కనుము ఒకటి తెచ్చి పెట్టి, బియ్యం పోయడం కానిచ్చారు. ఇక పోసినవాళ్లకు తిరుగు చీర పెట్టాలి గదా. పెద్దమ్మ నాకు బొట్టు పెట్టి చేతిలో ఒక కవరు పెట్టింది. దాని మీద అదే పిల్ల, అదే నవ్వు.

పెట్టిన చీరను అక్కడికక్కడే విప్పడం మర్యాద కాదు. ఆ రోజు మర్యాదను పక్కన పెట్టి విప్పాను. ఈ కొస చూపించాను, ఆ కొస చూపించాను. నేనూ దుప్పటిలా దులిపాను.

“కనుమేది పెద్దమ్మా? నా కత్తెర జగిత్యాల దాక పోయిందా?”

ఈసారి ముందు నవ్వింది ఆడబిడ్డే. నవ్వుతూనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “మాఫ్ చెయ్యి వదినె,” అంది మెల్లగా.

పెద్దమ్మ చీర లాక్కుని రెండు కొసలూ తడిమింది. తిట్టడానికి ఎవరూ దొరక్క, కవరు మీది పిల్లను పట్టుకుంది.

“నువ్వైతే మంచిగ రవికేసుకున్నవ్ గదనే, దొంగదానా!”