తపేలాడు మీసాల చేపలు

ఆరో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. నేనే వదిలేశానని ఊళ్లో చెప్పుకున్నాను. చదువు రాకపోయినా వల విసరడం వచ్చింది. సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం మనుషులు చెట్లెక్కే ఆ రోజుల్లో, ఒక ఎండాకాలం, ఆ విద్యే నన్ను సర్వే మనిషిని చేసింది.

హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఏ నీళ్లలో మన పాత రకం చేపలున్నాయో, ఎక్కడ బయటివి చేరాయో రాసుకోవడం ఆమె పని. వల నాది.

"మనుషుల లెక్కలల్లనే మా ఇల్లు ఇడిసిపెట్టిండ్రు మేడమ్, ఈ చేపలది ఏం అదృష్టం!" అంటే ఆమె నవ్వి, కొలిచే స్కేలు నా చేతిలో పెట్టింది.

పెనుబల్లి దాటి అడవిలోకి పోతే వాగు మలుపులో ఒక మడుగు ఉంది. పక్కనున్న గూడెం వాళ్లు అందులో వల వేయరు. కష్టమొస్తే మొక్కుకుంటారు. తీరాక, అదే వాగులో పట్టిన చేపల జతను అందులో వదులుతారు. మడుగును కాచేది ఒక అవ్వ. ఆరేళ్ల కింద నా భార్య ఖమ్మం దవాఖానాలో పడి ఉన్నప్పుడు నేనూ అక్కడే మొక్కుకున్నాను. ఆమె లేచి నడిచింది.

ఆ ఏడాది సర్కారు వాళ్లు చెరువుల్లో పెంపకం చేపపిల్లలు వదిలే జాబితాలోకి ఆ మడుగూ ఎక్కింది. మేడమ్ అవ్వకు విడమరిచి చెప్పింది: "పాత రకం ఒక్కటి కనబడినా చాలు, ఈ మడుగు జోలికి రావద్దని రాస్తాను. ఏమీ లేకపోతే నేను రాయలేను."

అవ్వ చాలాసేపు తన భాషలో గొణుక్కుని, నన్ను చూసింది.

"మొక్కు తీర్సుకున్నోడివి. నువ్వయితే ఎయ్యి. మూడు మాట్లు. పడ్డది పడ్డట్టు మల్ల నీళ్లల్ల ఇడవాలె."

మొదటి వల బరువుగా లేచింది. నా మోచేతి నుంచి వేళ్ల దాకా పొడవున్న నల్లటి చేప, మీసాలు దులుపుతూ గట్టు మీద పడింది.

"అవ్వా, మీ దేవత మస్తుగ మేపింది! వాగుల దొరికే మీసాల చేప, మన మార్పు, జానెడుంటది. ఇది చూడు, సత్తుపల్లి సేటు లెక్కున్నది!"

అవ్వ నవ్వింది. మేడమ్ నవ్వలేదు. రెండో వలలో అలాంటివే రెండు. మూడో వలలో ఒకటి. పక్కె లేదు, బొమ్మిడాయి లేదు, వేలెడంత పరక కూడా లేదు. వల విసిరిన నా చేతుల్ని నేనే నమ్మలేదు.

మేడమ్ చేప తలను వేలితో తడిమింది. "అన్నా, ఇది మన మార్పు కాదు. ఆఫ్రికా నుంచి తెచ్చింది. దొరికిందల్లా మింగుతుంది. దీన్ని ఎవరో ఇక్కడ వదిలారు."

"మేం మొక్కు జత దప్ప ఏం ఇడవం. గది సుత ఈ వాగుదే," అంది అవ్వ. "ఎవలు ఏసిండ్రు?"

నేను వంగి వల చిక్కులు తీయడం మొదలుపెట్టాను.

ఆరేళ్ల కింద నేను వాగులో చేపలు పట్టలేదు. ఎండలో ఎవరు తిరుగుతారు? సత్తుపల్లి దగ్గర చాటుగా చేపలు పెంచే ఒకాయన దగ్గర మీసాలున్న పిల్లలు తెచ్చాను. మీసాలుంటే మార్పే కదా అనుకున్నాను. పైగా జతకే ఇంత మహిమ ఉంటే తపేలాడు వేస్తే భార్యకు మళ్లీ జ్వరమే రాదని లెక్క కట్టాను. గబుక్కున గుమ్మరించి, దండం పెట్టి వచ్చాను.

"నేనే అవ్వా," అన్నాను. తపేలాతో సహా చెప్పాను.

తిడుతుందని తల దించుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"నీ పెండ్లాం మంచిగున్నదా?"

"అవ్. మంచిగున్నది."

"మంచిదే." గట్టు మీది చేపల్ని చూపించింది. "గట్లయితే ఇవి మడుగుయి కావు. నీయి. నీళ్లల్ల మల్ల ఎయ్యకు. కొయ్యి."

పెద్దదాని పొట్ట కోశాను. లోపల పీత డొప్పలు, ఏదో బురద. దాని మధ్యన వేలెడు చేప, సగం అరిగింది. తోక దగ్గర నల్లచుక్క మాత్రం చెక్కుచెదరలేదు. పాత రకం పక్కె. మేడమ్ దాన్ని సీసాలో వేసి, పుస్తకంలో చాలాసేపు రాసింది.

"పొట్టల దొరికితే మడుగుల ఉన్నట్టేనా మేడమ్?"

"నిన్నటిదాకా ఉన్నట్టు," అంది.

అది చాలింది. వానలు పడ్డాక చేపపిల్లల లారీ గూడెం దాటి పోయింది, మడుగు దగ్గర ఆగలేదు. ఎవరూ వల వేయని ఆ నీళ్లలో వారం వారం గాలం వేసి, నేను వదిలిన చేపల్ని ఏరేసే పని అవ్వ నాకు అప్పజెప్పింది. ఆ ఏడాది పదకొండు పట్టాను. తపేలాలో ఎన్నున్నాయో ఆ రోజు నేను చూసుకోలేదు.

నా మొక్కు తీరలేదనీ, వాగు మార్పు చేపల జత తెచ్చి వదలాలనీ కూడా అవ్వ చెప్పింది. అదెంత పని అనుకున్నాను. చిన్నప్పుడు పొలాల్లో కాలు పెడితే తగిలేవి. రెండు వానాకాలాలు వాగులు, మళ్లు, కుంటలు జల్లెడ పట్టాను. ఒక్కటి దొరికింది. ఇంటి వెనక తొట్టిలో వేసి, దానికి జోడు కోసం ఇంకా తిరుగుతున్నాను.