కిడ్నీలు బాగానే ఉన్నాయి

ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో మనిషి నీరసపడితే ముందు కిడ్నీలనే అనుమానిస్తారు. నా నీరసం వేరే దారిన వచ్చింది. ఆ దారి గురించి ఆడవాళ్లం చెవిలో చెప్పుకుని ఊరుకుంటాం తప్ప ఎవరూ రాసిపెట్టరు. అందుకే రాస్తున్నాను. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా టెక్కలి గ్రంథాలయంలోనే. అక్కడ నేను తెరవని బీరువా లేదని గట్టిగానే చెప్పుకుంటాను.

పిల్లలు పుట్టకముందు నెలసరి వచ్చిందీ పోయిందీ తెలిసేది కాదు. పెద్దది పుట్టాక ఉన్న కాస్త నొప్పి కూడా తగ్గింది. చిన్నవాడు పాలు మానాక మాత్రం అంతా మారిపోయింది. ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే గడ్డలు గడ్డలుగా పోయేది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే షెడ్డులో పనిచేస్తున్నాను అప్పుడు. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. అన్నాల వేళ అందరూ లేచి వెళ్లేదాకా ఆగి, కూర్చున్న చోటు చూసుకుని, అప్పుడు కదిలేదాన్ని. ఇంటికొచ్చేసరికి పిల్లల్ని ఎత్తుకునే ఓపిక ఉండేది కాదు.

మామగారిని డయాలసిస్‌కి తిప్పి తిప్పి పోగొట్టుకున్న మనిషి మా అత్త. నా మొహం చూసి హడలిపోయింది.

“ఏటే, మొకం అలా పాలిపోనాది? పాదాలు సూడు, ఎలా పొంగినాయో! మీ మావకీ ఇలాగే మొదలైంది.”

మర్నాడే రక్తపరీక్ష చేయించింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే మా ఊళ్లో అక్షరం రానివాళ్లకి కూడా తెలుసు. అది మామూలుగానే ఉందనగానే అత్త వీధంతా కొబ్బరి ముక్కలు పంచింది. “మా కోడలి కిడ్నీలు బంగారం!” అని ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. ఆ రోజు నుంచి నా నీరసాన్ని నమ్మినవాళ్లు లేరు.

“కిడ్నీలు బాగున్నాయన్నారు కదే, ఇంకేటి నీకు?” అన్నాడు మా ఆయన.

“నా ఒంట్లో కిడ్నీలొక్కటేనా మావా ఉన్నది?” అన్నాను. నవ్వేసి బండెక్కి వెళ్లిపోయాడు.

స్త్రీల ఆరోగ్యం మీద ఒక పాత పుస్తకం గ్రంథాలయంలో దొరికింది. కాన్పుల తర్వాత నెలసరి మారడం వింత కాదనీ, కానీ గడ్డలు పడుతూ, బట్టలు వెంటవెంటనే తడిసిపోతూ, కళ్లు తిరుగుతుంటే చూపించుకోవాలనీ ఉంది అందులో. అధిక రక్తస్రావం అనే మాట నేర్చుకున్నాను. ఇంట్లో నీరసానికి బలం మందు రాయించుకుంటానని చెప్పి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అత్త కూడా వచ్చింది.

“నెలసరి ఎలా అవుతోందమ్మా?” అందావిడ.

తెర అవతల మగవాళ్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేర్చుకున్న ఆ మాట వాళ్లు వినేలా అనలేకపోయాను.

“బాగా అవతందమ్మా,” అన్నాను.

“బాగానే అవుతోంది కదా, మంచిది,” అంటూ ఆవిడ టానిక్ రాసేసింది. ఎక్కువని నేను చెప్పుకుంటే, సవ్యంగా ఉందని ఆవిడకి వినబడింది. అత్త సంచీ తీసుకుని లేచింది. నేనూ లేచాను. ఇప్పుడు బయటికి వెళ్లిపోతే మళ్లీ ఇక్కడికి రావడానికి ఇంకే సాకూ దొరకదని అర్థమై, కుర్చీలో కూలబడ్డాను.

“బాగా అంటే ఎక్కువనమ్మా. శానా ఎక్కువ. గడ్డలు పోతన్నాయి. కూకున్న చోటల్లా తడిసిపోతంది.”

తెర అవతల మాటలు ఆగిపోయాయి. డాక్టరమ్మ రాసిన కాగితం పక్కన పెట్టి నా కనురెప్ప కిందికి లాగి చూసింది.

“నాకెందుకు సెప్పలేదే?” అంది అత్త.

“నువ్వు కిడ్నీలే అడిగినావత్తా, ఇది అడగనేదు.”

“అడగడానికి నానేటైనా డాక్టర్నేటే!” అంది గానీ, సంచీ కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

నాలో రక్తం చాలా తక్కువగా ఉందని ఆ పూటే తేలింది. స్కానింగులో భయపడాల్సింది ఏమీ కనబడలేదు. రక్తం పట్టడానికీ, ధార తగ్గడానికీ మాత్రలిచ్చారు. తగ్గింది. పాత రోజుల్లా మాత్రం కాలేదు, అవుతుందని నేను ఎదురు చూడడమూ లేదు. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వాలిపోతుంది.

సాయపడినవాళ్ల పేర్లు రాస్తే మా ఊళ్లో ఎవరి ఇంటి సంగతో తెలిసిపోతుంది, అందుకని వరసలతోనే సరిపెడతాను. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం అన్నకి, రాసిన చీటీ పక్కన పెట్టిన డాక్టరమ్మకి, మాత్రలు నేను మరిచిపోయినా గుర్తుపెట్టుకునే మా ఆయనకి కృతజ్ఞతలు. నా ఆ రోజుల్లో పిల్లలిద్దర్నీ తన మంచం మీద వేసుకుని, “పడుకోవే, లేవకు” అంటున్న మా అత్తకి దండం.