తుంగభద్రలో నేను వదిలేసిన చెయ్యి

మా చిన్నప్పుడు... కర్నూలు పాతబస్తీలో మా వీధి పిల్లలకు బీచ్ అంటే తుంగభద్ర ఇసుకే. సెలవులొస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఒక రోజు బురుజు, ఒక రోజు జగన్నాథగట్టు, ఇంకో రోజు పార్కులో ఉయ్యాల కోసం కొట్లాట... ఎండాకాలం మాత్రం ఏరే. ఎండిపోయిన ఏట్లో కాళ్ళు కూరుకుపోయే ఇసుక, అక్కడక్కడా చెలమలు, నడిమధ్య దిబ్బ మీద మస్తాన్‌బీ కర్బూజ పాదులు.

మస్తాన్‌బీది మా వీధిలో చివరి ఇల్లు. భర్త లేడు. ఆ కాయలమ్ముకునే నలుగురు పిల్లల్ని సాకింది. నోరు మాత్రం అబ్బో... పాదు తొక్కామంటే మా ఏడు తరాల్నీ కడిగి ఆరేసేది. తిట్టినంత సేపూ తిట్టి, చివర్లో ఒక పగిలిన కాయ చేతిలో పెట్టేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. చెల్లెలు గౌరికి ఐదు.

ఆ రోజు పొద్దున వీధిలో రిక్షా మైకు తిరిగింది. "ఈ పొద్దు సాయంత్రం ఏటికి నీళ్ళు ఇడుస్తాండారు... ఎవురూ ఏట్లోకి దిగాకండి!"

మా వీధికి మొదటి ముక్క ఒక్కటే వినబడింది. వినబడదు మరి! కుళాయి దగ్గర బిందె కోసం జుట్లు పట్టుకునే వీధి అది. నీళ్ళొస్తున్నాయంటే పారిపోవాలని మాకెవరు నేర్పారు? ఎదురు పోవడమే తెలుసు మాకు.

మా అమ్మే నా చేతికి చెంబిచ్చింది.

"కొత్తనీళ్ళు రవ్వంత పట్టుకరాపో. ఒడ్డు మీదే ఉండండి. గౌరి చెయ్యి మాత్రం ఇడ్సాకు. ఇడిస్తివా, ఒళ్ళు చీరేస్తా!"

ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో గౌరి... మధ్యాహ్నానికే ఏటికి చేరాం. ఒడ్డు మీద ఉంటామా? నీళ్ళొచ్చేది సాయంత్రం కదా అని దిబ్బ దాకా పోయాం. మస్తాన్‌బీ కాయలన్నీ కోసి గంపల్లో ఒడ్డుకు మోస్తోంది. మమ్మల్ని చూసి, "పోండే ఇండ్లకి! ఏరు మీ యబ్బ సొత్తా, చెప్పిన టయానికే వచ్చేకి?" అని అరిచింది. మేం నవ్వుకున్నాం. ఆమె గంప ఎత్తుకుని ఒడ్డువైపు వెళ్ళిపోయింది.

అప్పుడే ఎగువ నుంచి ఎవరో పిల్లాడు కేక వేశాడు. "నీళ్ళొచ్చినాయి రోయ్!"

అంతే... ఉన్నవాళ్ళం ఉన్నట్టు కేక వచ్చినవైపు పరుగు. పాదులు దాటకముందే గౌరి పరిగెత్తలేకపోతోంది. ఇసుకలో కాళ్ళు కాలుతున్నాయని ఏడుస్తోంది. నేనే ముందు ముంచుకోవాలని నా ఆరాటం. "ఈడే ఉండు, ఇప్పుడే వస్తా" అన్నాను... చెయ్యి వదిలేశాను. చెంబు మాత్రం వదల్లేదు.

నీళ్ళు భయపెట్టేలా ఏం రాలేదు. చెత్తనూ నురగనూ నెట్టుకుంటూ, ఇసుక తాగుతుంటే ఆగి ఆగి, పాకుతూ వచ్చాయి. కళ్ళకద్దుకున్నాం. ఒకళ్ళ మీద ఒకళ్ళం చల్లుకున్నాం. పాదాలు మునిగితే కేరింతలు... మోకాళ్ళ దాకా వచ్చాయని ఎప్పుడు తెలిసిందో గుర్తులేదు. పెద్దపిల్లలు మమ్మల్ని రెక్కలు పట్టి ఒడ్డుకు లాగారు.

ఒడ్డెక్కి వెనక్కి తిరిగి చూశాను. మేం దాటి వచ్చిన ఇసుక లేదు. దిబ్బకు రెండువైపులా నీళ్ళు. గౌరి ఒక్కతే పాదుల మధ్య నిలబడి ఉంది... నేను నిలబెట్టిన చోటే. అక్కడే ఉండమన్నాను కదా, కదల్లేదు.

నేను అరుస్తున్నాను. ఏం అరిచానో తెలీదు. మగవాళ్ళు తాడు కోసం పరిగెత్తారు. దిబ్బ అంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతోంది.

మస్తాన్‌బీ గంప కింద పడేసింది. చీర గోచీ బిగించి, చేతికర్రతో దిగింది. "తాడు వస్తాది, నిలు బీ!" అని ఎవరో అన్నారు. "తాడొచ్చే లోపల బిడ్డ ఉండద్దా?" అంది.

నేరుగా పోలేదు. కాస్త ఎగువకు నడిచి, ఏటవాలుగా, కర్రతో లోతు చూసుకుంటూ... నడుము దాకా, ఛాతీ దాకా. ఒకసారి కాలు జారి తల కూడా కనబడలేదు. మళ్ళీ లేచింది. గౌరిని మెడ మీదికెత్తుకుని తిరిగొస్తుంటే, వెనకాల ఆమె పాదులు తీగలతో సహా కొట్టుకుపోయాయి. ఆమె తిరిగి కూడా చూడలేదు.

ఒడ్డుకు రాగానే నా చెంప ఛెళ్ళుమనిపించింది. నా కళ్ళలోకి చూసింది. ఏమనుకుందో ఏమో... ఇంటికొచ్చాక మా అమ్మతో అంది కదా, "నీ పెద్దది గట్టిగా పట్టుకునింది గాబట్టే సిన్నది దక్కిందమ్మా. దీన్నేం అనాకు."

అమ్మ నన్ను కరుచుకుని ఏడ్చింది. ఇద్దరికీ దిష్టి తీసింది. నేను నోరు విప్పలేదు.

చూసినవాళ్ళెవరూ ఆమె మాట కాదనలేదు, గౌరికి ఆ వయసులో ఏమీ గుర్తులేదు... ఆ మాటే మా ఇంట్లో నిలిచిపోయింది. ఏరు ఇప్పుడు మారింది... ఘాటు మెట్లు, రెయిలింగు, సాయంత్రం సెల్ఫీలు. మస్తాన్‌బీ పోయి చాలా ఏళ్ళయింది. గౌరి అక్కడికి వచ్చినప్పుడల్లా తన కూతురికి చెబుతుంది, "మీ పెద్దమ్మ ఆ పొద్దు చెయ్యి ఇడ్సుంటే నేను ల్యాకపోదునే" అని. నేను అటు తిరిగి నీళ్ళు చూస్తుంటాను.

పోయిన ఆదివారం మెట్లు దిగుతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకున్నానో... "నొస్తాండాది పెద్దమ్మా" అంది.

ఇక దాచలేను. పాదులన్నీ పోగొట్టుకున్న మనిషి నా పరువు కూడా కాపాడి పోయింది. ఆ ఏట్లో ఆడుకున్నవాళ్ళు, మస్తాన్‌బీ చేత తిట్లు తిన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఆమె గురించి నలుగురూ చెప్పుకోవాలి.

గౌరీ... నువ్వు మాత్రం ఇక్కడ ఏమీ రాయొద్దు. ఫోన్ చెయ్యి.