రామాంజి పొట్టలో రింగు

2005లో నేను అనంతపురంలో ఒక సర్జన్ గారి నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మాది గుంటూరు వైపు. మావారికి రైల్వేలో ఉద్యోగం కావడంతో ఆ ఊరు చేరాము. స్టేషన్‌కు వెళ్ళే రోడ్డులో కింద ఓపీ, మందుల షాపు, ఎక్స్-రే గది, పైన కొన్ని మంచాలు. అంతే మా ఆసుపత్రి. హెర్నియాలు, అపెండిక్స్‌లు, కాలు విరిగినవాళ్ళు, వీటితోనే రోజులు గడిచేవి. వానలు లేని ఏడు మా ఓపీ కూడా పలచబడేది. ఆ జిల్లా జనం నొప్పిని ఓర్చుకోగలిగినంత కాలం ఓర్చుకునే రకం, ఆ ఓర్పు చూస్తే నాకు ఒక్కోసారి జాలి, ఒక్కోసారి ఒళ్ళు మంట.

రామాంజిని మొదటిసారి నెత్తురు కారుతున్న నుదురుతో తీసుకొచ్చారు. బెళుగుప్ప మనిషి, లారీల ఓనరు. రెండు లారీలుంటే ఒకటి తనే నడిపేవాడు. భారీ మనిషి. మా డ్రెస్సింగ్ బల్ల మీద అతన్ని పడుకోబెట్టడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది. కళ్యాణదుర్గం రోడ్డులో లారీ దారి తప్పి చేలోకి దిగిందట.

"నిద్ర పట్టేసినాది సార్. కండ్లు తెరిచే ఉండా అనుకుంటి. చూస్తే శెనిక్కాయ చేన్లో ఉండా," అన్నాడు.

"తాగినావా?" అని డాక్టరుగారు అడిగారు.

"నాకా అలవాటు లేదు సార్. తిండి ఒకటే."

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నుదుటికి కుట్లు వేస్తున్నాం. అది తిమ్మిరి కోసం ఇచ్చే మందు, నిద్ర కోసం కాదు. రెండో కుట్టు పడేసరికి రామాంజి గురక పెట్టాడు. గురక మధ్యలో ఊపిరి ఆగింది. నేను, డాక్టరుగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతలో ఉలిక్కిపడ్డట్టు గట్టిగా గాలి పీల్చుకుని మళ్ళీ గురక అందుకున్నాడు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. బాగా లావైనవాళ్ళలో గొంతు చుట్టూ కొవ్వు పేరుకుని, నిద్రలో గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. రాత్రంతా మనిషి మునిగి తేలుతున్నట్టే ఉంటాడు. పడుకున్నాడన్న మాటే గానీ నిద్ర ఉండదు, అందుకని పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు. కుర్చీలో కూర్చుంటే పర్వాలేదు. ఇతను కూర్చునేది లారీ స్టీరింగ్ ముందు.

మర్నాడు అతని అక్క లింగమ్మ వచ్చింది. అమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఆమే పెంచింది. పెళ్ళై, భర్త పోయి, పుట్టింటికే వచ్చేసింది. రామాంజికి పెళ్ళి కాలేదు. "నా గురకకు ఏ ఆడమనిషి నిలుస్తాది సార్?" అని తనే నవ్వేవాడు. నవ్వించడం అతనికి బాగా వచ్చు. లావుగా ఉన్నవాళ్ళు ఊరివాళ్ళ కంటే ముందు తామే తమ మీద జోకు వేసుకోవడం నేను చాలామందిలో చూశాను. ఆ నవ్వు నాకెప్పుడూ నవ్వులా అనిపించలేదు.

బరువు తగ్గమన్నాం. నడిచాడు, పస్తులున్నాడు, కొంచెం తగ్గి మళ్ళీ పెరిగాడు. ముక్కుకు తగిలించుకుని గాలి పంపే మిషన్ ఒకటి ఉంటుంది గానీ, బెళుగుప్పలో కరెంటు ఉండేది ఎంతసేపు? పైగా సగం రాత్రులు లారీలోనే పడక. ఆ ఎండాకాలం ఇంకోసారి స్టీరింగ్ మీద కునుకు పట్టింది. ఈసారి ఎదురుగా బడిపిల్లల జీపు వస్తోంది. క్లీనరు స్టీరింగ్ గుంజబట్టి సరిపోయింది. ఆ రోజు రామాంజి మా దగ్గరికి వచ్చి జోకులేమీ వేయలేదు.

"నేను సస్తే సచ్చినా సార్. ఒకర్ని చంపుతానని భయమైతాండాది. ఏమన్నా చేయండి," అన్నాడు.

బరువు తగ్గడానికి కడుపుకు చేసే బ్యాండ్ ఆపరేషన్ గురించి మా డాక్టరుగారు చెప్పింది అప్పుడే. జీర్ణాశయం పైభాగం చుట్టూ సిలికాన్ రింగు ఒకటి బిగిస్తారు. రింగు పైన చిన్న సంచి లాగా మిగులుతుంది. కొంచెం తినగానే అది నిండి, కడుపు నిండినట్టే ఉంటుంది. రింగు నుంచి సన్నని గొట్టం వచ్చి చర్మం కింద పోర్ట్ అనే చిన్న డబ్బీకి కలుస్తుంది. దాంట్లోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే రింగు బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. అంటే ఆపరేషన్ అయిపోగానే అయిపోయేది కాదు. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు ఆ రింగును కనిపెట్టుకుని ఉండాలి.

ఇదంతా విని లింగమ్మ ఒక్కటే అడిగింది. "కోసేదానికి అందరూ దొరుకుతారు సార్. కోసినాక చూసేదెవరు?"

ఆ ఆపరేషన్ మా దగ్గర చేయరు కాబట్టి, చేసే సర్జన్‌ను వెతకడానికి ఆ ప్రశ్నే మాకు ఆధారమైంది. హైదరాబాదులో ఒకాయన తానే చేస్తాననీ, తర్వాత సంగతి మీ దగ్గర ఎవరినైనా చూసుకోమనీ అన్నాడు. బెంగుళూరులో ఇంకొకాయన ఫోన్లో ముందు పేషెంట్ బరువు అడగలేదు. "అనంతపురంలో నాకు తోడుగా ఎవరు చూస్తారు? వాళ్ళు ఒక రోజు వచ్చి నా దగ్గర నేర్చుకుంటారా?" అని అడిగాడు. మా డాక్టరుగారు ఫోన్ పెట్టేసి, "ఈయనే," అన్నారు. ఖర్చుల కోసం రామాంజి రెండో లారీ అమ్మాడు. డాక్టరుగారు, నేను బెంగుళూరు వెళ్ళి, పోర్ట్ వేళ్ళతో ఎలా తడిమి పట్టుకోవాలో, మామూలు సూది పెడితే పోర్ట్ పాడవుతుంది కాబట్టి దానికోసం వాడే హ్యూబర్ నీడిల్ ఎలా దించాలో నేర్చుకుని వచ్చాం. ఆ సర్జన్ చేతిలో ఎంత నైపుణ్యం ఉందో మాటలో అంత ఓపిక ఉంది. ఈనాటికీ ఆయన మీద నాకు గౌరవమే.

ఆపరేషన్ బాగా జరిగింది. మొదట జావలు, తర్వాత మెత్తని తిండి, ఆ తర్వాత మామూలు తిండి. ఏది తిన్నా బాగా నమలాలి, తింటూ నీళ్ళు తాగకూడదు, వాంతి అయితే ఆపి మాకు ఫోన్ చేయాలి. అక్కడి డైటీషియన్ చెప్పింది, ఇక్కడ నేనూ చెప్పాను. రామాంజి అన్నిటికీ సరేనన్నాడు.

నెలనెలా వచ్చేవాడు. మనిషి కరుగుతున్నాడు. చొక్కాలు వదులై, బెల్టుకు కొత్త బెజ్జాలు పడ్డాయి. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి నిద్రపోతున్నాడు. లింగమ్మ నాతో, "గురక ఇనపడకపోయేతలికి నాకు నిద్ర పట్టల్యా సిస్టరమ్మా. ఉండాడా లేడా అని లేసి పోయి చూస్తి," అని నవ్వింది. రామాంజి మళ్ళీ లారీ ఎక్కాడు. కడప దాకా పోయి వచ్చినా రెప్ప వాలలేదని చెప్పుకున్నాడు. ఆ రోజు మా డాక్టరుగారు కాంపౌండరు దగ్గర్నుంచి అందరికీ టీ తెప్పించారు.

వచ్చినప్పుడల్లా ఏం తింటున్నావని అడిగేదాన్ని. "సంగటి, ఊరుబిండి. ఒగోసారి పప్పు. మెత్తగా ఉంటాది సిస్టర్, పండ్లు లేని ముసలోళ్ళు గూడా తింటారు," అనేవాడు. రాగిపిండితో చేసిన ముద్ద, దాన్లోకి వేరుశెనక్కాయల పచ్చడి. మెత్తనిదే కదా అని నేనూ తల ఊపేదాన్ని. బెంగుళూరు వాళ్ళకూ అది అభ్యంతరంగా కనిపించలేదు.

మూడోసారి సెలైన్ ఎక్కించాక కొన్నాళ్ళు రాలేదు. లోడింగు సీజను, తీరిక లేదేమో అనుకున్నాం. ఒక రోజు మధ్యాహ్నం లింగమ్మ, క్లీనరు కలిసి అతన్ని ఆటోలోంచి దించారు. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండి బెరడు కట్టింది. గుక్కెడు నీళ్ళు కూడా దిగడం లేదు. వారం నుంచీ వాంతులు.

"ఫోన్ చేయమన్నాను కదయ్యా," అని నేను కేకలు వేశాను.

"ముందు నుంచీ అప్పుడప్పుడు అయ్యేవే సిస్టర్. రింగు పని చేస్తాండాదిలే అనుకుంటి. సన్నగైతి గదా," అన్నాడు.

పోర్ట్ లోంచి సెలైన్ మొత్తం తీసేశాం. వదులు కావాల్సింది, కాలేదు. బేరియం తాగించి ఎక్స్-రే తీశాం. బేరియం అంటే తెల్లని సున్నపు నీళ్ళలా ఉండే మందు, అది పోయే దారి ఫిల్ములో కనిపిస్తుంది. రింగు పక్కకు ఒరిగిపోయి ఉంది. రింగు కింద ఉండాల్సిన జీర్ణాశయం పైకి జారుకొచ్చి, పైనున్న చిన్న సంచి బుడగలా ఉబ్బింది. దీన్ని స్లిప్ అంటారు. పదేపదే వాంతులైతే ఇలా జారుతుంది. ఆలస్యమైతే ఆ ఉబ్బిన భాగానికి రక్తం అందదు.

బెంగుళూరు తీసుకెళ్ళే అంబులెన్సులో డ్రిప్ పట్టుకుని నేనే వెంట వెళ్ళాను. పెనుకొండ దాటాక రామాంజి కళ్ళు తెరిచాడు.

"సిస్టర్, ఇది తీసేస్తారా?"

"తీసేయాలేమో రామాంజీ."

"తీసేస్తే మళ్ళా నిద్దరొస్తాదా, బండి తోలేటప్పుడు?"

రాకుండా చూసుకుందాంలే అన్నాను. అతను నమ్మలేదు. కడుపులో అంత నొప్పి పెట్టుకుని ఆ మనిషి భయపడింది దానికి.

బెంగుళూరులో వెంటనే ఆపరేషన్ చేశారు. పైభాగం అప్పటికే నల్లబడింది. రింగు తీసి, ఆ భాగం కోసేసి, చేయగలిగినదంతా చేశారు. ఒళ్ళంతా చీము విషం పాకి, రెండో రోజు సాయంత్రం రామాంజి పోయాడు. సర్జన్ మా డాక్టరుగారికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. రింగు పైన నమలని ముద్దలు, పెద్దవి, అలాగే ఉన్నాయని చెప్పాడట.

డాక్టరుగారు ఫోన్ పెట్టి తల పట్టుకున్నారు. ఆయనది మడకశిర వైపు. "సంగటి ఎవరూ నమలరమ్మా. తుంచి, పులుసులో అద్ది, మింగడమే. నమిలితే ఎగతాళి చేస్తారు. నేనూ అట్లానే తింటా. నమలాలని రోజూ చెబుతూనే ఉన్నా, సంగటి ఆ లెక్కలోకి వస్తుందని నాకే తట్టలేదు," అన్నారు. నాకు తెలియక, ఆయనకు మరీ తెలిసి, ఇద్దరమూ చెప్పలేకపోయాం. రామాంజి మాత్రం మా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. నమలాల్సినవన్నీ నమిలాడు.

దినాలయ్యాక లింగమ్మ వచ్చింది. ఓపీ అయ్యేదాకా ఉండి, డాక్టరుగారి గదిలోకి వచ్చి నిలబడింది.

"సార్, ముద్ద అడ్డం పడిందా?"

"నీ తప్పేం లేదమ్మా," అన్నారు డాక్టరుగారు.

"తప్పు సంగతి అడగల్యా సార్. పడిందా లేదా, అది చెప్పండి."

నేను ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. "అవునక్కా. మింగే తిండి ఆ రింగుకు పనికిరాదు. ఆ మాట చెప్పాల్సింది మేము," అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"ఆ వారం వాడు తినననే అన్యాడు సిస్టరమ్మా. దిగల్యాదక్కా అన్యాడు. గొంతులో ముల్లు ఇరుక్కుంటే ఏం చేస్తాం? పెద్ద ముద్ద మింగితే దాన్ని తోసకపోతాది. అట్లనే అనుకున్యా. ఇంగొక్కటి మింగు నాయనా, దిగిపోతాది అని నా చేత్తో పెట్టినా. నా మాట కాదనల్యాక మింగినాడు."

ఆ గదిలో మేం ముగ్గురం. నాకు అప్పటికి పదిహేనేళ్ళ సర్వీసు. చావులు చూశాను, చచ్చినవాళ్ళ తల్లులను చూశాను. అయినా ఆ మాట విన్నాక ఆమెతో పాటు ఏడవాలనిపించింది, ఆమె ఏడవడం లేదు కాబట్టి నేనూ ఏడవలేదు.

లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "బెంగుళూర్లో తిండి సంగతులు చెప్పేటప్పుడు వాణ్ణొక్కణ్ణే లోపలికి పిలిసినారు. రేపు ఇంగెవురికన్నా ఆ రింగు ఏస్తే, వాళ్ళింట్లో వండి పెట్టే ఆడమనిషికి చెప్పండి సిస్టరమ్మా. తినేటోడికి చెప్తే ఏం లాభం? నోట్లో పెట్టేది మేం."

ఆ మాటను మా డాక్టరుగారు బెంగుళూరు సర్జన్‌కు చెప్పారు. ఆయన రాసుకుంటానన్నాడట. నేనైతే రాసుకోలేదు, మర్చిపోయే మాట కాదు. ఇప్పుడు నా ఉద్యోగం మారింది, ఊరు మారింది. కడుపు ఆపరేషన్ ఏదైనా సరే, డిశ్చార్జి చేసే ముందు పేషెంట్‌ను ఏం తింటావని అడగను. ఎట్లా తింటావో నా ముందు తిని చూపించమంటాను. అంతకంటే ముందు ఇంట్లో వడ్డించే మనిషి ఎవరని అడుగుతాను. చాలాసార్లు ఆ మనిషి వరండాలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంటుంది. లోపలికి రమ్మంటే, నాతో ఏం పనమ్మా, ఆయనకు చెబితే చాలదా అంటుంది. చాలదని చెప్పి, నా కుర్చీ ఆమెకు ఇచ్చి, మొదటి నుంచీ చెబుతాను.