బీము దిగకముందే

రాజనర్సు సోమవారం పొద్దున కత్తెర పట్టుకుని తన షెడ్డులోని నాలుగు సాంచెల్లో, అంటే మరమగ్గాల్లో, మూడోదాని ముందు నిలబడ్డాడు. మొదటి రెండింటి పడుగు పోగులు అప్పటికే కోసేశాడు. సిరిసిల్లలో బీము అనే రోలరుకు చుట్టిన పడుగు నూలు పూర్తిగా నేసి బీము దిగేదాకా సాంచెలున్న ఏ ఆసామీ వాటిని విప్పడు. రాజనర్సు కూడా అంతవరకు విప్పి ఎరగడు.

ఇప్పుడు విప్పాల్సి వచ్చింది రోడ్డు వల్ల. వెడల్పు పనిలో షెడ్డు సగం పోతుందని అధికారులు గోడ మీద ఎర్రగీత గీసి, సోమవారం మధ్యాహ్నానికి ఖాళీ చేయమని మైకులో చెప్పి వెళ్లారు. జాగాకు పట్టా ఉంది. నోటీసు మాత్రం రాలేదు. జగిత్యాలలో ఒక వకీలు దగ్గర పనిచేసే కూతురు అక్షిత ప్రభుత్వం మీద హైకోర్టులో కేసు వేయించింది. స్టే దొరకలేదు. తీర్పు సోమవారమే. కోర్టు మాట ముందొస్తుందో జేసీబీ ముందొస్తుందో తెలియక రాజనర్సు సాంచెలనైనా దక్కించుకుందామనుకున్నాడు. కోరుట్ల నుంచి బామ్మర్ది సురేందర్ ట్రాలీ తెచ్చాడు.

రాజనర్సు భార్య లింగవ్వ మూడో సాంచెకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"లే అక్కా, బండి ఎండల ఉన్నది," అన్నాడు సురేందర్.

"ఉండనీ. బీము దిగకముందే సాంచె ఇప్పినోన్ని ఏడన్న చూసినవా?"

"బావను చూస్తున్న గద."

"గాయిన భయానికి కోసిండు. రెండు కోసిండు, ఇగ సాలు."

"గోడ కూలినంక గీ బీము ఎవల నెత్తి మీద పెడ్తవ్?"

"నీ నెత్తి మీదనే."

మూలమలుపులో జేసీబీ వచ్చి ఆగింది. దాని వెనకే జీపు. అప్పుడు మోగింది ఫోను.

"బాపూ, గెలిచినం," అంది అక్షిత. "భూసేకరణ చట్టం ప్రకారం నోటీసిచ్చి, పరిహారం కట్టినంకనే ముట్టాలన్నరు. గోడ మీద గీత గీస్తే నోటీసు కాదన్నరు. ఆర్డరు పంపుతున్న, సార్లకు చూపెట్టు. సాంచెలు ఇప్పలేదు గద?"

రాజనర్సు కోసిన పోగుల వైపు చూశాడు.

"అవ్వకియ్యి ఫోను," అంది అక్షిత, తల్లిని అడుగుదామని.

జీపు దిగిన అధికారి ఫోనులో ఆర్డరును రెండుసార్లు చదివాడు. పక్కకు వెళ్లి ఎవరితోనో మాట్లాడి, జేసీబీ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. బండి వెనక్కి మళ్లింది. రాజనర్సు గడప మీద కూర్చున్నాడు. చేతిలో కత్తెర ఇంకా ఉన్న సంగతి సురేందర్ దాన్ని తీసుకునేదాకా తెలియలేదు. ట్రాలీ ఖాళీగానే కోరుట్ల తిరిగి వెళ్లింది.

సాయంత్రం ముత్తయ్య వచ్చాడు. పోగుకు పోగు ముడివేసి పడుగు అతికే వైపని అతనిది. కోసిన బీములు చూసి తల పట్టుకున్నాడు.

"సర్కారు కూలగొడ్తదని ముందుగాల నువ్వే కూలగొట్టుకున్నవా, రాజనర్సన్నా?"

"ముడేస్తవా, ముచ్చట పెడ్తవా?"

"రెండూ జేస్త. ముచ్చట లేకుంటె గిన్ని పోగులు ముడేసుడు ఎట్ల అయితదన్నా?"

లింగవ్వ మిగతా రెండు సాంచెలకు కరెంటు వేసింది. షెడ్డు దడదడలాడింది. ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ముత్తయ్య మొదటి బీమును బుధవారం పొద్దునకు అతికి ఇచ్చాడు.