జిరాఫీ చెవి

ఊరి చుట్టూ బస్తర్ అడవే ఉన్నా, భోపాలపట్నం బట్టల కొట్టు శైలజ మనసు ఫోన్‌లో చూసిన ఆఫ్రికా అడవి మీద పడింది. హాల్లో జీబ్రా చారల పరదాలు, చిరుతమచ్చల దిండ్లు, మూలన కొయ్య జిరాఫీ. రోజూ పొద్దున్నే దాని మెడను కొంగుతో తుడిచి, వెనక్కి జరిగి చూసి మురిసిపోతుంది. టీవీ పైన గుడ్లు మిటకరించిన ఆఫ్రికా మాస్కు.

“ఏందే, దిష్టిబొమ్మను ఇంట్ల పెట్టినవ్? దర్వాజకు గదా కట్టాలె!” అంది పక్కింటి సుశీలత్త.

“దిష్టిబొమ్మ గాదత్తా, ఆఫ్రికా మాస్కు!” అని మూతి ముడిచింది శైలజ.

ఆ సాయంత్రం జగదల్‌పూర్ నుంచి వచ్చిన ఆడపడుచు, వెళ్లేదాకా జిరాఫీని పొగుడుతూనే ఉంది. మర్నాడు తుడుస్తుంటే దాని చెవి ఊడి శైలజ చేతికొచ్చింది. వెంటనే స్టూలెక్కి మాస్కును దించి, వీధి గుమ్మానికి కట్టింది. పక్కనే నిమ్మకాయ కూడా వేలాడదీసింది.