జీడితోపు కుంటకు వచ్చిన ఆరు గంటల పిట్ట

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండర్‌గా చేసి రిటైరైన మనిషి మొన్న మంగళవారం పొద్దున పోయాడు. కబురు తెచ్చిన గుమాస్తా నేనేమంటానో అని నా మొహంలోకి చూశాడు. "అలాగా" అన్నాను. ఆయనకీ నాకూ పడదని కాలేజీలో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో పనిచేసి, అందులో చివరి ఏడేళ్ళూ "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడుకోని మనుషులం. పాత విద్యార్థుల సంచికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమంటే ముందు కుదరదన్నాను. ఇప్పుడు రాస్తున్నాను గనక, చదివేవాళ్ళు తియ్యటి మాటలు ఆశించవద్దు.

మనిషి మహా మొండి. ఈ అరవ ఊళ్ళోనే, ఒర్లియంపేటలో పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాత్రం సగం అరవం కలిసిన తెలుగే. యానాం నుంచి డిమాన్‌స్ట్రేటరుగా వచ్చిన కొత్తలో ఆ మాట విని నేను నవ్వాను. ఆయన మర్చిపోలేదు. నేను ఏ వస్తువు ఎక్కడ పెట్టినా తీసి తను పెట్టేచోటే పెట్టేవాడు. "ఈ ల్యాబ్ నీదా, నాదా?" అని అరిస్తే, "తుడిచేవాడిది సారూ" అనేవాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అల్మారాలోని దూది కూరిన పక్షులన్నిటినీ బల్లమీద పడుకోబెట్టి, చిన్న బ్రష్షుతో దుమ్ము దులిపి, కలరా ఉండలు మార్చేవాడు. ఆ పనిలో ఎవరినీ వేలు పెట్టనిచ్చేవాడు కాదు.

అసలు గొడవ డెబ్బైల చివర, కుంట దగ్గర మొదలైంది. కాలేజీ వెనక జీడిమామిడి తోపు, తోపులో చిన్న కుంట ఉండేవి. చెట్లు కొట్టి, కుంట పూడ్చి ఆటస్థలం చేద్దామని పైవాళ్ళు అనుకున్నారు. అక్కడ కాపాడవలసిన జీవులేమైనా ఉన్నాయా అని మా శాఖను అడిగితే, నివేదిక రాసే పని నా నెత్తిన పడింది. ఉన్నాయని రాస్తే కుంట ఉంటుంది, లేవని రాస్తే పోతుంది.

అక్టోబరులో, అరవవాళ్ళ ఐప్పసి నెల వానలు మొదలైన వారం, ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కుంట కాడికి ఆరుమణి కురువి, ఆరు గంటల పిట్ట, వస్తా ఉండాది సారూ. పొద్దుగూకే ఆరింటికి కూస్తాది, ఆపైన యాడ పోతాదో తెలీదు. మీరొచ్చి చూసి రాయండి."

"పేరు చెబితే చాలదు. ఒకటి కొట్టి తీసుకురా, అప్పుడు రాస్తాను," అన్నాను. నా చదువంతా చచ్చిన పక్షుల మీదే మరి.

"చంపినాక ఏముండాదని రాస్తారు?" అన్నాడు.

క్లాసులో పిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్ళాను, ఆయన తప్పని తేల్చడానికే. పొద చాటున గంటసేపు బురదలో కూర్చోబెట్టాడు. దోమలు పీక్కుతిన్నాయి. చివరికి గట్టు మీద ఎండుటాకుల్లో ఏదో కదిలింది, మమ్మల్ని పసిగట్టి ఎగిరిపోయింది. రెక్క మీద నీలం మెరిసింది, అంతే.

"లకుముకి పిట్ట," అన్నాను.

"ఏంది సారూ! మీ లకుముకి, మా మీన్‌కొత్తి, ఆకులు తిరగేసుకుంటా నేలమీద గంతులేస్తాదా? తోక చూస్తిరా, ఉండీ లేనట్టు. మన అల్మారాలో మూడో అరలో ఉండాదే, అదే ఇది."

మూడో అరలోది నాకు తెలియకేం! పుస్తకాల్లో 'పిట్టా' అని రాసే అడవి పక్షి. దాన్ని చేత్తో పట్టుకునే ఏటా పాఠం చెప్పేవాణ్ణి. వెలిసి వెలిసి మట్టిరంగుకు తిరిగిన ఆ బొమ్మకూ ఈ మెరుపుకూ పోలికేమిటి అనుకున్నాను. "దుమ్ము దులిపేవాడివి దులుపుకో. పక్షుల సంగతి నాకు చెప్పకు," అన్నాను, పిల్లల ముందే. మర్నాడు 'మామూలు నీటి పక్షులు తప్ప చెప్పుకోదగ్గవి లేవు' అని రాసి సంతకం పెట్టాను. పది రోజుల్లో లారీల మట్టితో కుంట నిండిపోయింది.

అప్పటి నుంచి మాటలు బంద్. ఏటా వానలు మొదలైన పొద్దున నేను వచ్చేసరికి ఆ మూడో అర పిట్ట నా బల్ల మీద పడుకుని ఉండేది. విసురుగా తీసి లోపల పెట్టేవాణ్ణి. ఆయన రిటైరయ్యేదాకా ఒక్క ఏడాదీ మానలేదు. ఇంత పగేమిటని తిట్టుకునేవాణ్ణి, ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ కుంట పూడ్చిన ఆ ఏడాది తర్వాత నేను అల్మారా ముందు నిలబడి పక్షుల పాఠం చెప్పలేదు. పిల్లల్ని చెరువు గట్లకు తీసుకెళ్ళి గంటలకొద్దీ కూర్చోబెట్టేవాణ్ణి. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్ళకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మంగళవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. "మీరొస్తారని అనుకోలేదు సారూ," అంది. "ఆయన మీ గురించి ఒకటే మాట చెప్తా ఉండె. సారుకి తెలుసు, నోరు రాదు, అంతేనని."

నిజమే. కుంట పూడ్చిన మూడో రోజు మధ్యాహ్నం, మేడ మీద ల్యాబ్ కిటికీ అద్దానికి ఏదో దబ్బున కొట్టుకుంది. తొంగి చూశాను. కింద కొత్త మట్టి మీద ఒక పిట్ట రెక్కలు పరుచుకుని పడి ఉంది. ఆకుపచ్చ వీపు, గోధుమ పసుపు పొట్ట, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ, రెక్కకు అదే నీలం. పట్టపగలు చూశాక బుకాయించడానికి ఇంకేమీ మిగల్లేదు. కాకులు దిగుతుంటే ఆయన పరిగెత్తుకొచ్చాడు. దాన్ని ఎత్తి, కొట్టకుండా వదిలేసిన ఒక్క జీడి చెట్టు నీడలో పెట్టి, చీపురు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కాకి వాలబోయినప్పుడల్లా చీపురు ఎత్తేవాడు.

"నువ్వు చెప్పిందే నిజమయ్యా" అనడానికి నేను దిగాల్సింది పదహారు మెట్లు. చివరి గంట కొట్టారు, పిల్లలు వెళ్ళిపోయారు. ఆయన అక్కడి నుంచి లేవలేదు, నేను కిటికీ వదల్లేదు. పొద్దుగూకుతుంటే అది లేచి నిలబడింది. ఒక్కసారి కూసింది. గంతులేసుకుంటూ కుంట ఉండిన చోటికి పోయి, ఆ ఎర్రమట్టి మీద నీళ్ళ కోసం అటూ ఇటూ తిరిగింది. ఆయన తలెత్తి నా కిటికీ వైపు చూశాడు. నేను కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టాను.